చప్పుడుకు కళ్లెం వేసిన మాక్సిమ్

మోటారు సైకిల్ పక్కన పొడవుగా ఉండే గొట్టాన్ని మన ఊళ్లలో చదువు రానివాళ్లు కూడా సైలెన్సర్ అనే అంటారు. ఆ గొట్టం తీసేసి, పెద్ద మోత చేసే గొట్టం బిగించిన బండి బడి ముందు నుంచి వెళ్తే అరనిమిషం పాటు పాఠం ఆగిపోతుంది. టీచరు పెదవులు కదులుతుంటాయి, వెనుక బెంచీ పిల్లలకు మాట అందదు. సైలెన్సర్ అనే మాటను ప్రపంచమంతటా వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడు ఒక అమెరికన్ ఇంజినీరు. పేరు హైరమ్ పెర్సీ మాక్సిమ్. తండ్రి చేసిన వస్తువు ప్రపంచంలోని భయంకరమైన మోతల్లో ఒకటైతే, కొడుకు చేసిన వస్తువు ఆ మోతను తగ్గించేది. ఆయన జీవితం మన టీచర్లకూ తల్లిదండ్రులకూ ఎందుకు తెలియాలంటే, చేతిలో ఏది దొరికితే దాన్ని విప్పి చూసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు కాబట్టి.

తండ్రి తుపాకీ, తండ్రి చెవుడు

పెర్సీ 1869 సెప్టెంబరు 2న న్యూయార్క్‌ను ఆనుకుని ఉన్న బ్రూక్లిన్‌లో పుట్టారు. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పల్లెటూరి బిడ్డ. పద్నాలుగేళ్లకే బండ్లు తయారుచేసే చోట పనికి కుదిరి, సొంత తెలివితో పైకి వచ్చారు. జుట్టు వంకీలు తిప్పే ఇనుప సాధనం, ఎలుకల బోను, గ్యాస్ దీపాలు, విద్యుత్ దీపాలు... ఆయన చెయ్యి పెట్టని వస్తువు లేదు. పెర్సీ బాబాయి హడ్సన్ మాక్సిమ్ పేలుడు పదార్థాల నిపుణుడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఆటవస్తువుల కంటే ముందు పనిముట్లే చేతికి వచ్చాయి.

1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనకు తండ్రి ఐరోపా వెళ్లారు. తర్వాత లండన్‌లో స్థిరపడ్డారు. అమెరికాలో ఉన్న భార్యాపిల్లల దగ్గరికి మళ్లీ కాపురానికి రాలేదు. అప్పటికి పెర్సీకి సుమారు పన్నెండేళ్లు. ఇంట్లో తల్లి, ఇద్దరు చెల్లెళ్లు. మూడేళ్లు తిరిగేసరికి, 1884లో, తండ్రి పేరు దేశదేశాల్లో మారుమోగింది. ఆయన లండన్‌లో తయారుచేసిన మాక్సిమ్ తుపాకీ నిమిషానికి సుమారు 600 తూటాలు కాల్చగలిగేది. ఒక తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే శక్తినే వాడుకుని తర్వాతి తూటాను తానే ఎక్కించుకునేది. వలస పాలకుల యుద్ధాల్లోనూ మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఆ తుపాకీ, దాని నమూనాలు లెక్కలేనన్ని ప్రాణాలు తీశాయి. బ్రిటన్ 1901లో ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది.

ఆ పేరుప్రతిష్ఠలకు తండ్రి చెల్లించిన మూల్యం ఒకటుంది. ఏళ్ల తరబడి తన తుపాకుల మోత మధ్యనే పనిచేయడంతో ఆయన చెవులు దెబ్బతిన్నాయి. చివరికి దాదాపు పూర్తిగా వినికిడి పోయింది. లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి నిర్మాణాలున్న కణాలు శబ్దాన్ని పట్టుకుంటాయి. పెద్ద మోతకు అవి చచ్చిపోతే మనుషుల్లో తిరిగి మొలవవు. సర్ హైరమ్ 1916లో కన్నుమూశారు.

ఒక చుక్క పెట్రోలు

పెర్సీ చదువులో చురుకు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, ఇప్పుడు ఎంఐటీ అని అందరికీ తెలిసిన చోట, రెండేళ్ల మెకానికల్ కోర్సు 1886లో ముగించేనాటికి ఆయనకు ఇంకా పదిహేడు నిండలేదు. కొన్నేళ్లకు లిన్ పట్టణంలో తూటాలు, గుండ్లు తయారుచేసే అమెరికన్ ప్రొజెక్టైల్ కంపెనీలో చేరారు. పగలు కంపెనీ పని, రాత్రి సొంత పని. గుర్రం లేకుండా నడిచే బండి చేయాలన్నది ఆయన కల. ఆ రోజుల్లో అదే కలతో జర్మనీలో, ఫ్రాన్స్‌లో, అమెరికాలోనే ఇతర ఊళ్లలో ఎవరెవరు పనిచేస్తున్నారో ఆయనకు తెలియదు. అన్నీ మొదటినుంచి తానే కనుక్కోవాల్సి వచ్చింది.

పెట్రోలు ఎంత బలమైనదో తెలుసుకోవడానికి 1892 ప్రాంతంలో ఆయన చేసిన పని ప్రసిద్ధం. ఫ్యాక్టరీలో ఖాళీగా ఉన్న పెద్ద ఫిరంగి తూటా గొట్టంలో ఒక చుక్క పెట్రోలు వేసి, ఆవిరయ్యాక నిప్పు తగిలించారు. ఒక్క చుక్కే కదా అనుకున్నది గుండె ఆగేంత మోతతో పేలింది. ఆయన ప్రాణాలతో బయటపడటం అదృష్టమనే చెప్పాలి. ఆ పేలుడు ఆయనకు రెండు సంగతులు నేర్పింది. మొదటిది, ఆ చుక్కలో బండిని లాగేంత శక్తి ఉంది. రెండోది, ఆ శక్తి ఒక్కసారిగా విడుదలైతే మోత, విధ్వంసం. ఉక్కు సిలిండర్‌లో బంధించి, కొలిచి, వంతులవారీగా విడుదల చేస్తే అదే ప్రయాణం. ఆయన తర్వాతి జీవితమంతా ఈ రెండో సంగతి చుట్టూనే తిరిగింది.

సొంతంగా చేసిన ఇంజిన్‌ను పాత మూడు చక్రాల సైకిల్‌కు బిగించి నడిపించారు. దాంతో 1895లో హార్ట్‌ఫర్డ్ నగరంలోని పోప్ సైకిళ్ల కంపెనీ ఆయనను పిలిచి మోటారు బండ్ల విభాగం అప్పగించింది. ఆ కంపెనీ యజమాని కర్నల్ ఆల్బర్ట్ పోప్‌కు పెట్రోలు ఇంజిన్ మీద నమ్మకం తక్కువ. పేలుడు మీద కూర్చుని ప్రయాణం చేయడానికి ఎవరు ఒప్పుకుంటారన్నది ఆయన సందేహం. అందుకే కంపెనీ ముందు బ్యాటరీతో నడిచే బండ్లు తీసింది. పెర్సీ మాత్రం పెట్రోలు బండిని వదల్లేదు. 1899లో కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రాన్‌ఫర్డ్‌లో గుండ్రటి బాట మీద జరిగిన పందెంలో తానే పెట్రోలు బండి నడిపి గెలిచారు. అలాంటి బాట మీద అమెరికాలో జరిగిన తొలి మోటారు పందెంగా దాన్ని చెబుతారు.

తొట్టి నీటిలో సుడి

పెర్సీకి గురిచూసి కాల్చడం సరదా. కానీ తన సరదా ఇరుగుపొరుగువారికి చెవిపోటు కావడం ఆయనకు నచ్చలేదు. చప్పుడు లేకుండా కాల్చడం కుదరదా అని చాలాకాలం ఆలోచించారు. ఒకరోజు స్నానాల తొట్టిలో నీళ్లు వదిలేసినప్పుడు, అవి రంధ్రం దగ్గర సుడి తిరుగుతూ మెల్లగా దిగిపోవడం చూశారు. గ్యాస్‌ను కూడా అలా సుడి తిప్పితే బయటికి రావడం ఆలస్యమవుతుంది కదా అనిపించింది. చాలా ప్రయత్నాలు విఫలమయ్యాక ఒక నమూనా కుదిరింది. 1909 మార్చి 30న అమెరికా ప్రభుత్వం దానికి పేటెంటు ఇచ్చింది. మార్కెట్లో నిలదొక్కుకున్న మొదటి తుపాకీ సైలెన్సర్ అదే.

తుపాకీ పేలినప్పుడు తూటా వెనుక ఎంతో ఒత్తిడితో వేడి గ్యాస్ ఉంటుంది. తూటా గొట్టం చివర దాటగానే ఆ గ్యాస్ ఒక్క దూకున గాలిలోకి వచ్చి చుట్టూ ఉన్న గాలిని గట్టిగా కొడుతుంది. మనకు వినబడే పెద్ద మోత అదే. గాలి నింపిన బుడగకు సూది గుచ్చితే ఢామ్మంటుంది, మూతి వదులు చేసి గాలి మెల్లగా వదిలితే సన్నగా బుస్సుమంటుంది. లోపల ఉన్న గాలి రెండుసార్లూ అంతే, తేడా అంతా అది బయటికి వచ్చే తొందరలో ఉంది. మాక్సిమ్ గొట్టంలోని వరుస గదులు, వంపు తిరిగిన రెక్కలు గ్యాస్‌ను ఆపి, తిప్పి, చల్లబరిచి, మెల్లగా వదిలేవి. మూత పెట్టి శబ్దాన్ని అణిచేయలేదు, శబ్దానికి కారణమైన తొందరను తగ్గించారు.

అయితే ఆ సాధనానికి హద్దులున్నాయి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో వెళ్తుంది. అంతకంటే వేగంగా పోయే తూటా దారిపొడవునా తానే గాలిని చీల్చుతూ చిటపటమనే చప్పుడు చేస్తుంది. దాన్ని ఏ గొట్టమూ ఆపలేదు. సినిమాల్లో చూపించినట్టు తుపాకీ పిల్లి తుమ్మినంత మెల్లగా పేలడం నిజ జీవితంలో జరగదు.

మంచి ఉద్దేశంతో చేసిన వస్తువుకు చెడ్డపేరు రావడానికి ఎక్కువకాలం పట్టలేదు. చప్పుడు లేని తుపాకీ హంతకుల చేతికి ఆయుధమవుతుందని పత్రికలు, పోలీసులు భయపడ్డారు. 1934లో అమెరికా జాతీయ ఆయుధాల చట్టం సైలెన్సర్ చేతులు మారిన ప్రతిసారీ 200 డాలర్ల పన్ను విధించింది. వస్తువు ధర కంటే పన్నే ఎన్నో రెట్లు ఎక్కువ.

పెర్సీ ఆ వాదంలోనే కూరుకుపోలేదు. అదే సూత్రాన్ని పనికొచ్చే దారిలోకి మళ్లించారు. ఇంజిన్‌లో కవాటం తెరుచుకున్న ప్రతిసారీ కాలిన గ్యాస్ ఒత్తిడితో బయటికి దూకుతుంది. అది కూడా చిన్న తుపాకీ పేలుడే, నిమిషానికి వందలసార్లు. ఆయన కంపెనీ క్రమంగా తుపాకీ గొట్టాలు మానేసి, డీజిల్ ఇంజిన్లకు, ఓడలకు, గాలిని నొక్కే యంత్రాలకు సైలెన్సర్లు చేయడం మొదలుపెట్టింది. వీధి మోతను బయటే ఆపి, గాలిని మాత్రం గదిలోకి పంపే కిటికీ పరికరాన్ని కూడా తయారుచేసింది. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల చెవులు, ఆస్పత్రిలో రోగుల నిద్ర ఇలాంటి ఆలోచనల వల్లే కొంతైనా దక్కాయి.

మధ్యలో ఒకరు

పెర్సీ పేరును ఈనాటికీ ఎక్కువగా తలచుకునేది తుపాకులవాళ్లు కాదు, హామ్ రేడియో అభిమానులు. జీతం కోసం కాకుండా, ఇష్టం కొద్దీ ఇంట్లోనే వైర్‌లెస్ కేంద్రం పెట్టుకుని ఇతరులతో మాట్లాడేవాళ్లను హామ్‌లంటారు. 1914 ఏప్రిల్‌లో ఒక రాత్రి పెర్సీ హార్ట్‌ఫర్డ్‌లోని తన కేంద్రం నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్‌కు సందేశం పంపాలనుకున్నారు. ఎంత ప్రయత్నించినా అందలేదు. దారి మధ్యలో విండ్సర్ లాక్స్ అనే ఊళ్లో తెలిసిన హామ్ ఒకరు ఉన్నారని గుర్తొచ్చింది. ఆయన సందేశాన్ని అందుకుని అవతలికి పంపారు. పని జరిగింది.

ఆ చిన్న అనుభవం నుంచి పెద్ద ఆలోచన పుట్టింది. ఊరూరా ఒకరు ఒప్పుకుంటే సందేశం చేతులు మారుతూ దేశమంతా తిరిగిరాదా? యువకుడైన క్లారెన్స్ టస్కాతో కలిసి ఆ ఏడే అమెరికన్ రేడియో రిలే లీగ్ స్థాపించారు. కొన్ని నెలల్లోనే రెండు వందలకు పైగా కేంద్రాలు చేరాయి. 1915 డిసెంబరులో క్యూఎస్‌టీ అనే పత్రిక మొదలైంది. అది నేటికీ వెలువడుతోంది.

మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగిన 1917లో హామ్ కేంద్రాలన్నీ మూయించారు. యుద్ధం ముగిశాక కూడా ప్రభుత్వం వాటిని వెంటనే తెరవనివ్వలేదు. పెర్సీ, మిత్రులు పార్లమెంటు సభ్యుల చుట్టూ తిరిగి, సభ్యులందరిచేతా ఉత్తరాలు రాయించి, 1919లో అనుమతి సాధించారు. 1923 నవంబరులో హార్ట్‌ఫర్డ్ నుంచి ఫ్రాన్స్‌కు అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా హామ్‌లు ఇటూ అటూ మాట్లాడుకున్నారు. 1925లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘానికి పెర్సీ తొలి అధ్యక్షుడయ్యారు.

ఇక్కడ కూడా ఆయన వెంటబడిన శత్రువు మోతే. ఒకే తరంగం మీద అందరూ ఒకేసారి సందేశాలు పంపితే ఎవరి మాటా ఎవరికీ అందదు. ముసలాయన అని అర్థం వచ్చే మారుపేరుతో ఆయన పత్రికలో ఏళ్ల తరబడి చిరాకూ హాస్యమూ కలిపి వ్యాసాలు రాశారు. ఇతరుల వంతు రాకుండా అడ్డుపడేవాళ్లను శిక్షించడానికి ఒక వింత కొయ్య పరికరాన్ని కూడా సరదాగా కల్పించారు. ఆ ముసలాయన సంఘం అధ్యక్షుడేనన్న సంగతి ఆయన పోయాకే పాఠకులకు తెలిసింది. తన వంతు వచ్చేదాకా ఆగి వినడం కూడా మాట్లాడటంలో భాగమేనని ఆ వ్యాసాల సారం. ముప్పై నలభై మంది పిల్లలున్న గదిలో పాఠం చెప్పే టీచరుకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

చివరి ప్రయాణం

పెర్సీ ఆసక్తి ఒకచోట ఆగేది కాదు. 1926లో ఇంట్లో సొంతంగా సినిమాలు తీసుకునేవారి కోసం సంఘం పెట్టారు. గ్రహాల మీద జీవం ఉందా అన్న ప్రశ్న మీద 1933లో పుస్తకం రాశారు. తండ్రితో గడిపిన చిన్ననాటి రోజుల మీద రాసిన పుస్తకం 1936లో వచ్చింది. వదిలి వెళ్లిపోయిన తండ్రి మీద నేరారోపణ పత్రంలా కాకుండా, ఆయన వింత చేష్టల్ని నవ్వుతూ తలచుకునే పుస్తకం అది. పదేళ్ల తర్వాత హాలీవుడ్‌లో దాని ఆధారంగా సినిమా తీశారు.

1936 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఖగోళ వేధశాల చూడటానికి రైలులో బయల్దేరారు. దారిలో జబ్బుపడటంతో కొలరాడో రాష్ట్రంలోని లా హుంటా పట్టణంలో దించి ఆస్పత్రిలో చేర్చారు. ఫిబ్రవరి 17న అక్కడే కన్నుమూశారు. వయసు 66. ఆయన రేడియో కేంద్రానికి ఉన్న గుర్తింపు అక్షరాలతోనే, డబ్ల్యూ1ఏడబ్ల్యూ పేరుతో, ఆ సంఘం ప్రధాన కేంద్రం నేటికీ ప్రసారాలు చేస్తోంది.

పిల్లవాడు గొట్టం పట్టుకొచ్చినప్పుడు

అమెరికాలో కొందరు ప్లాస్టిక్ పైపులో బంగాళాదుంప కుక్కి, వెనుక గ్యాస్ నింపి అంటించి దూరంగా పేల్చే ఆట ఆడతారు. మన పొలాల్లో కోతుల్ని తరమడానికి వాడే కార్బైడ్ గన్ కూడా ఆ జాతిదే. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఇలాంటి కార్బైడ్ గన్‌ల వల్ల ఎందరో పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి. నీళ్ల కోసం చేసిన ప్లాస్టిక్ పైపు పేలుడును తట్టుకోదు, ముక్కలై మొహం మీదికి వస్తుంది. చప్పుడు తగ్గించినంత మాత్రాన ఆ ప్రమాదం ఇసుమంత కూడా తగ్గదు. ఇంకా చెప్పాలంటే, చప్పుడు లేకపోతే పెద్దలకు సంగతే తెలియదు. కాబట్టి ఇంట్లో అలాంటి గొట్టం కనిపిస్తే దాన్ని పక్కన పెట్టించడంలో మొహమాటం వద్దు.

కానీ గొట్టంతో పాటు ప్రశ్నను కూడా లాగేసుకోకూడదు. చప్పుడు ఎందుకు వస్తుంది, ఎలా తగ్గుతుంది అని అడిగిన పిల్లవాడికి నిప్పు లేకుండానే జవాబు చూపించవచ్చు. బుడగను పగలగొట్టి ఒకసారి, మూతి వదులు చేసి ఒకసారి వినిపించండి. మోగుతున్న అలారం గడియారాన్ని ఖాళీ అట్టపెట్టెలో పెట్టి ఒకసారి, అదే పెట్టెలో పాత దుప్పటి చుట్టి మరోసారి వినమనండి. తేడా ఎందుకు వచ్చిందో వాళ్లనే చెప్పమనండి. ఆసక్తి మరీ ఎక్కువైతే మన దేశంలో పన్నెండేళ్లు నిండిన పిల్లలు హామ్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. హైదరాబాద్‌లో ఇందుకోసం జాతీయ హామ్ రేడియో సంస్థ ఉంది. 2004 డిసెంబరు సునామీలో అండమాన్‌కు ఫోన్లు తెగిపోయినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాన్ని బయటికి చేర్చింది అక్కడికి వెళ్లి ఉన్న హామ్‌ల బృందమే.

బడి ముందు మోత విషయానికి వస్తే, చట్టం మన పక్షానే ఉంది. మన దేశంలో 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ప్రతి బండికీ సైలెన్సర్ తప్పనిసరి. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు పాఠశాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చంటాయి. అక్కడ పగటిపూట శబ్దం 50 డెసిబెల్స్ దాటకూడదు. మీ బడి ఏ రాష్ట్రంలో ఉన్నా ఈ నిబంధనలు ఒకటే. బడి గేటు దగ్గర బోర్డు లేకపోతే తల్లిదండ్రుల సమావేశంలో ఒక తీర్మానం చేసి స్థానిక పోలీసు స్టేషన్‌లో ఇవ్వవచ్చు. ఆ అర్జీని పెద్ద తరగతి పిల్లలచేతే రాయిస్తే, సైలెన్సర్ పాఠం పుస్తకం దాటి వీధిలోకి వస్తుంది.